శిక్షణ, రుణం, సబ్సిడీ అన్నీ మేమే చూసుకుంటాం అనేవారికి డబ్బు కట్టకండి

నిన్న మధ్యాహ్నం జరిగినది ఇంకా కళ్ళముందే కదులుతోంది. ఆలస్యం చేస్తే మరికొందరు డబ్బు కట్టేస్తారన్న భయంతో ఈ రాత్రే కూర్చొని రాస్తున్నాను. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఆ సంస్థ పేరు నేను చెప్పనవసరం లేదు. ఫంక్షన్ హాళ్ళలో ఐదు రోజుల వ్యాపార శిక్షణ పెట్టి, ఆపైన ఏడాదిపాటు చేయి పట్టుకుని నడిపిస్తామని మండలమండలానా బ్యానర్లు కట్టేవారు ఎవరో మీకు తెలుసు.

మా డ్వాక్రా సంఘంలో ఆరుగురం కలిసి కారం, పసుపు, కూరపొడుల యూనిట్ పెట్టుకుందామని ఏప్రిల్‌లో తలా 18,500 రూపాయలు, అంటే మొత్తం 1,11,000 రూపాయలు వారికి కట్టాం. ఆ సొమ్ములోనే శిక్షణ, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు), ఫుడ్ లైసెన్సు, ప్రాజెక్టు రిపోర్టు, బ్యాంకు రుణం, 35 శాతం సబ్సిడీ, చివరకు మేము తయారుచేసిన సరుకు కొనడం కూడా ఉన్నాయన్నారు. ఐదు రోజుల్లో మూడు రోజులు ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలతోనే గడిచాయి. మిరపకాయ ఎంత ఎండితే మర పట్టాలి, తొడిమ తీస్తే బస్తాకు ఎంత తరుగు పోతుంది, కరెంటు, కవరు, కూలి కలిపితే కిలో కారానికి ఎంత పడుతుంది అని అడిగితే, అవన్నీ యూనిట్ మొదలయ్యాక చెబుతామన్నారు. మిరప యార్డుకు ఇంత దగ్గరలో ఉండి, మిరపకాయను ఒక్కసారైనా చేతికివ్వకుండా కారం వ్యాపారం నేర్పుతున్న వారిని నేను అప్పుడే అనుమానించవలసింది. అనుమానించలేదు సరికదా, మిగతా ఐదుగురిని చేర్పించింది కూడా నేనే. వారిలో ఒకామె చెవి కమ్మలు తాకట్టు పెట్టింది, ఇద్దరు సంఘం పొదుపులోంచి అప్పు తీసుకున్నారు. ఆ అప్పుల వాయిదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఫైలు బ్యాంకులో ఉంది, వచ్చే వారం మంజూరవుతుంది అని నాలుగు నెలలు చెప్పారు. తరువాత ఫోను ఎత్తడం మానేశారు. పోయిన వారం నేనే బ్యాంకుకు వెళ్ళి అడిగితే, మా ఆరుగురిలో ఎవరి పేరునా అసలు దరఖాస్తే లేదని మేనేజరుగారు చెప్పారు. నా దగ్గరున్న ప్రాజెక్టు రిపోర్టు చూపించాను. ఆయన పేజీలు తిప్పుతూ నాలుగో పేజీ దగ్గర ఆగి, ఏమీ అనకుండా కాగితాన్ని నా వైపు తిప్పారు. అక్కడ నా పేరుండవలసిన చోట ఎవరో మరొక స్త్రీ పేరుంది, యంత్రాల పట్టికలో కారం పొడి కొట్టే పల్వరైజరుకు బదులు బేకరీ ఓవెన్ ఉంది. ఎవరి కోసమో రాసిన రిపోర్టుకు పై అట్ట మార్చి నాకిచ్చారు.

ఆ రిపోర్టు పట్టుకునే నిన్న హాలుకు వెళ్ళాను. కొత్త బ్యాచ్‌కు పరిచయ సమావేశం జరుగుతోంది. తలుపు దగ్గర చెప్పులు విడుస్తుండగా లోపలినుంచి నా గొంతే నాకు వినిపించింది. శిక్షణ చివరి రోజున, అందరం భోజనాలు చేసి సంతోషంగా ఉన్న సమయంలో, నాలుగు మాటలు చెప్పండమ్మా అని ఫోనులో తీసుకున్న వీడియో అది. తెర మీద నేను నవ్వుతూ, మాకు ఒక దారి దొరికింది, నాలాంటి వారందరూ రావాలి అని చెబుతున్నాను. దాని కింద, ఇప్పుడు సొంత యూనిట్ యజమాని అని రాసి ఉంది. ఎదురుగా నలభై మందిదాకా స్త్రీలు కూర్చొని ఉన్నారు, పక్కన బల్ల దగ్గర ఒకమ్మాయి డబ్బు తీసుకుని రసీదులు రాస్తోంది. నా మాట విని చేతిసంచిలోంచి డబ్బు తీస్తున్న ఒక పెద్దావిడను చూసి నాకు కాళ్ళు ఆడలేదు.

ముందుకు వెళ్ళి, నాకు యూనిట్ లేదు, రుణం రాలేదు, దరఖాస్తే పెట్టలేదు, మా డబ్బు తిరిగి ఇవ్వండి అని అందరికీ వినపడేలా అన్నాను. నిర్వాహకుడు ఏమాత్రం తడబడలేదు. మైకు తీసుకుని, ‘చూశారా, ఈ మేడమ్ మా పాత బ్యాచ్. మొదటి రోజు పేరు చెప్పడానికే వణికారు, ఇప్పుడు ఎంత ధైర్యంగా నిలదీస్తున్నారో చూడండి, ఇదీ మా శిక్షణ’ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. డబ్బు పోయినందుకు ఇంత బాధ కలగలేదు. నేను కడుపు మండి అడిగిన మాటను కూడా తన ప్రచారానికి వాడుకున్నాడు, ఆ చప్పట్ల మధ్య నేను మళ్ళీ నోరు తెరిచినా ఎవరికీ వినపడలేదు. తరువాత పక్కగదిలోకి పిలిచి గొంతు మార్చాడు. ‘శిక్షణ ఇచ్చాం, సర్టిఫికెట్ ఇచ్చాం, వ్యాపారం నడవకపోతే అది మీ చేతకానితనం, మీ రసీదు ఒకసారి చదువుకోండి’ అన్నాడు. ఇంటికి వచ్చి చదివాను. ఆరు రసీదుల మీదా చిన్న అక్షరాలతో, సంస్థ అభివృద్ధికి స్వచ్ఛంద విరాళం, తిరిగి చెల్లించబడదు అని ఉంది. ఇన్ని నెలలూ వాటిని బీరువాలో దాచానే తప్ప ఒక్కసారి చదవలేదు.

ఏ పనులకని మా దగ్గర డబ్బు తీసుకున్నారో, వాటిలో చాలా వాటికి ఖర్చే లేదని ఈ వారంలోనే తెలుసుకున్నాను. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి కూడా రుసుము లేదు, ఆధార్‌తో మనమే చేసుకోవచ్చు. మాలాంటి చిన్న తయారీదారుకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలు. వారు చూపించిన 35 శాతం సబ్సిడీ, 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకంలోనిది. దానికి గరిష్ఠ పరిమితి 10 లక్షల రూపాయలు, అది బ్యాంకు రుణం మంజూరైతేనే వస్తుంది. ఆ పథకం కింద ప్రాజెక్టు రిపోర్టు రాసిపెట్టడానికి, బ్యాంకుతో మాట్లాడడానికి జిల్లా రిసోర్స్ పర్సన్లను నియమించారు, వారికి ప్రభుత్వమే చెల్లిస్తుంది. ఇక శిక్షణ సంగతి అన్నిటికన్నా బాధ కలిగించింది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనాను చూసి, జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. అక్కడ శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం, శిక్షణ తరువాత రెండేళ్ళపాటు వారే వెంట ఉండి చూస్తారు. ఇవన్నీ ఉండగా నేను ఐదుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి, లక్షా పదకొండు వేలు పోయించాను.

ఎల్లుండి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇస్తున్నాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాం. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫిర్యాదు రుసుము లేదు. ముందుగా సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అదే ఏప్రిల్ బ్యాచ్‌లో ఉన్నవారు మీ రసీదులు, సర్టిఫికెట్లు, ఫోను సంభాషణలు ఏవీ పారేయకుండా మాతో కలవండి.

ఎవరైనా రుణం ఇప్పిస్తామంటే, దరఖాస్తు నంబరు అడిగి మీరే స్వయంగా బ్యాంకుకు వెళ్ళి చూడండి. డబ్బు ఇచ్చేముందు రసీదు మీద ఏం రాశారో చదవండి. మీ ఫోనుకు వచ్చిన ఓటీపీని ఎవరికీ చదివి చెప్పకండి, మేము ఆరుగురం ఆ పని కూడా చేశాం.

సోమవారం నుంచి వారి కొత్త బ్యాచ్ తరగతులు మొదలవుతున్నాయి. ఇప్పటికే కట్టినవారు ఈలోపే రాతపూర్వకంగా డబ్బు వాపసు అడిగి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. అక్కడ మీకు చూపించే వీడియోలో ఎర్ర అంచు తెల్లచీర కట్టుకుని మాట్లాడేది నేనే. ఆ మాటలు నమ్మి చేరకండి.