మూడు వేసవులు దాటిన మా పిట్టల తొట్టి

మా పెరట్లో పిట్టలు నీళ్లు తాగే తొట్టిలో ఒక చేప ఉంది. దానికి ఇప్పుడు కన్ను లేదు, తోక సగమే మిగిలింది. ఎవరైనా ఇంటికొస్తే "ఇదేంటండీ" అని అడుగుతారు. మా ఆయన మాత్రం తడుముకోకుండా "పులస" అంటారు.

2022 మే మొదట్లో హైదరాబాద్ నుంచి మనవలు సెలవులకి వచ్చినప్పుడు చేశాం ఈ చేప బొమ్మ మొజాయిక్ తొట్టిని. పెద్దదానికి అప్పుడు ఆరేళ్లు, చిన్నాడికి నాలుగు. మాది కోనసీమలో సఖినేటిపల్లి దగ్గర ఊరు. మా వైపు మొజాయిక్ అంటే వెనకటి ఇళ్లలో రాళ్ల చిప్స్ వేసి పాలిష్ పట్టిన గచ్చు గుర్తొస్తుంది. ఇది అది కాదు. పగిలిన టైల్ ముక్కలు, పింగాణీ పెంకులు బొమ్మలా అతికించి, సందుల్లో సిమెంటు నింపడం. మూడు వేసవులు, మూడు వానాకాలాలు వాడాక రాస్తున్నాను. చేసిన కొత్తలోనే రాసి ఉంటే చాలా బాగుందని రాసేదాన్ని, సగం తప్పయ్యేది.

సామాను పెద్దగా కొనలేదు. అడుగున్నర వెడల్పు మట్టి పళ్లెం, రెండు మూడు కిలోల టైల్ గమ్ (టైల్స్ అతికించే సిమెంటు పొడి), కిలో వైట్ సిమెంటు నరసాపురంలో తీసుకుని పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద తెచ్చుకున్నాం. టైల్ ముక్కలు పక్క వీధిలో కడుతున్న ఇంట్లో గోనెసంచి నిండా ఊరికే ఇచ్చారు. మా అత్తగారి కాలం నాటి ఊరగాయ జాడీ ఒకటి పగిలిపోయి అటక మీద ఉండేది, అదీ వాడేశాను. అంతా కలిపి 600 రూపాయలు దాటలేదు.

మొదటిసారి చేసింది పాడైంది. స్కూల్లో కాగితాలకి వాడే తెల్ల జిగురుతో అతికించాం. ఆరాక గట్టిగానే ఉంది కానీ, నీళ్లు పోసిన మూడో రోజుకి జిగురు మళ్లీ పాలలా తేలి ముక్కలన్నీ అడుగున చేరాయి. చిన్నాడు ఏడ్చాడు. నీళ్లు నిలిచే చోట సిమెంటు జాతి గమ్మే వాడాలి. ఇంకోటి, మట్టి పళ్లేన్ని ముందు నీళ్లలో నానబెట్టి, పైతడి తుడిచి, అప్పుడు గమ్ పూయాలి. పొడి మట్టి గమ్‌లోని తడినంతా పీల్చేస్తుంది, పట్టు రాదు.

పిల్లల పని గురించి నిజం చెప్పాలి. టైల్స్ పగలగొట్టే పని వాళ్లకివ్వకూడదు. గోనెసంచిలో చుట్టి మా ఆయన సుత్తితో కొట్టారు, కళ్లజోడు పెట్టుకునే. అంచులు రాతి మీద రుద్ది మొండి చేశాను. సిమెంటు తడి చేతికి తగిలితే చర్మం మండుతుంది, పొక్కుతుంది కూడా, కాబట్టి గమ్ పూసేది పెద్దవాళ్లే. పిల్లలకి మిగిలేది రంగులు వేరు చేయడం, పళ్లెమంత గుండ్రం గీసిన పేపరు మీద బొమ్మ పేర్చడం, తర్వాత గ్లౌజులు వేసుకుని ఒక్కో ముక్కా గమ్‌లో నొక్కడం. పెద్దది గంట కూర్చుంది. నాలుగేళ్లవాడు రంగులు ఏరడం దాకా హుషారు, తర్వాత పావుగంట కూడా ఆగలేదు. చేప అయ్యాక మిగతా సగంలో నీలం ముక్కలు పెట్టాల్సిన పని వాడిది. ఆరో ఏడో పెట్టి, గమ్ మీద వేళ్లతో గీతలు గీసుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా గమ్ బిగిసిపోయింది, ఆ సగం బోడిగా ఉండిపోయింది. పెద్దది "అమ్మమ్మా, వీడు పాడుచేసేశాడు" అని రెండు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

ఆ వారమే అసని తుఫాను. మే 11న మచిలీపట్నానికీ నరసాపురానికీ మధ్య బలహీనపడి తీరం దాటింది. కరెంటు లేదు, పళ్లెం వసారాలో పెట్టాం. గాలిలో తేమే తేమ. తర్వాత మా తాపీ మేస్త్రి వచ్చి చూసి, "ఆయ్, సిమెంటు పని ఎండబెడితే ఆరదండి, తడిపితేనే గట్టిపడుద్దండి. తుఫాను మీ పని చేసి పెట్టింది" అన్నాడు. అతని మాట మీదే సందులు నింపాక ఇంకో వారం తడిగోనె కప్పి ఉంచాను.

గట్టిపడ్డాక వెంటనే పిట్టలకి పెట్టలేదు. కొత్త సిమెంటు గాబులో నీళ్లు నాలుగైదుసార్లు నింపి పారబోస్తేగానీ పశువులకి పెట్టం కదా, సున్నపు గుణం దిగాలి. దీనికీ అదే చేశాం. రోజూ నింపడం, పారబోయడం పిల్లలకి తెగ నచ్చిన పని. నిజానికి మొత్తంలో వాళ్లు ఎక్కువ ఆనందపడింది దానికే.

ఇక వాడకం.

మొదట పెట్టిన చోటు కొబ్బరిచెట్టు నీడ. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషిని, నాకు ఆ మాత్రం తట్టకపోవడం సిగ్గే. ఆగస్టులో ఒక రాత్రి కాయ పడి అంచు పగిలింది. చేప తోక సగం అలాగే పోయింది. తర్వాత జామచెట్టు పక్కకి మార్చాం, పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ. పొదల పక్కన మాత్రం పెట్టొద్దు, పిల్లి మాటు వేస్తుంది. మేం మూడు నాలుగు బారల ఖాళీ ఉంచి, ఇటుకలు పేర్చి నడుమెత్తున పెట్టాం.

వైట్ సిమెంటు నా తప్పు. కొత్తలో మెరిసింది, ఒక్క వానాకాలానికే పాచి పట్టి పచ్చగా మారింది, అక్కడక్కడా పొడిగా రాలింది. 2023 వేసవిలో గీకేసి, మామూలు సిమెంటులో సన్నగా జల్లించిన ఇసుక కలిపి నింపాను. అందం తగ్గింది, కానీ ఇప్పటిదాకా కదల్లేదు.

పెద్దది పట్టుబడితే అద్దం ముక్కలు కూడా పెట్టాం. వెనక పూత తడికి నల్లబడి ఏడాదిలో మసి మరకల్లా తయారయ్యాయి. అంతకుముందే ఒక పిగిలిపిట్ట రోజూ వచ్చి తన నీడతో పోట్లాడేది, నీళ్లు తాగేది కాదు. ఊడబెరికేశాను. గాజుల ముక్కలు పళ్లెం బయటివైపు పెట్టాం, అవి బాగున్నాయి. లోపల పెట్టి ఉంటే పిట్టల కాళ్లు కోసుకునేవి.

నీళ్ల సంగతి మా ప్రాంతం వాళ్లకి ముఖ్యం. సముద్రం దగ్గర, బోరు నీళ్లు ఉప్పన. మొదటి వేసవిలో ఆ నీళ్లే పోశాను. మట్టి పళ్లెం నీటిని బయటికి చెమరుస్తుంది, దానితో ఉప్పూ వచ్చి బయటంతా తెల్లగా పూత కట్టింది, మట్టి పెచ్చులూడింది. నిమ్మచెక్కతో రుద్దితే గార పోయింది కానీ సందుల్లో సిమెంటు కూడా తిన్నది. పులుపు జోలికి పోకండి. ఇప్పుడు కుళాయి నీళ్లే, రోజుకి రెండు చెంబులు. వేసవిలో కాలువలు కట్టేసి, బోదెలు (పొలాల పిల్లకాలువలు) ఎండినప్పుడే పిట్టలు ఎక్కువ వస్తాయి. అప్పుడు మనకీ కుళాయి నీళ్లు లెక్కగానే వస్తాయి. బియ్యం కడుగు పోద్దామనుకున్నాను, మధ్యాహ్నానికి పులిసి వాసన వచ్చింది.

దోమల గురించి భయపడేవాళ్లుంటారు. గుడ్డు నుంచి దోమ అయి ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది, మధ్యలో పారబోస్తే చాలు. అయితే డెంగీ దోమ గుడ్లు నీటి అంచున పళ్లేనికి అతుక్కుని ఎండినా చావవు. అందుకే రెండు రోజులకోసారి కొబ్బరిపీచుతో అంచు రుద్ది కడుగుతాను. సబ్బు వాడను. పాచికీ పీచే.

ఎవరొచ్చారంటే, అందరికన్నా ముందు కాకులు. ఎండిన రొట్టెలు, చేప ముళ్లు, ఒకసారి కోడికాలు తెచ్చి నీళ్లలో నానేసుకుని తిన్నాయి. నేను తిట్టుకుంటూ కడిగాను. తర్వాత గోరింకలు, జంటలుగా వచ్చి నీళ్లన్నీ చిమ్మేస్తాయి. పిచ్చుకలు చాలా నెలలు అంచు మీదే కూర్చుని మెడ వంచి తాగి పోయేవి, దిగేవి కావు. తేనెపిట్ట తొట్టి వంక చూడనే చూడలేదు, నందివర్ధనం ఆకుల మీద నీళ్లు చల్లితే ఆ తడిలో ఒళ్లు రుద్దుకుంటుంది.

పిచ్చుకలు ఎందుకు దిగవో చాలా రోజులు తెలియలేదు. ఓసారి పొద్దున నీళ్లు తక్కువ పోసి, వసారాలో కూర్చుని చూశాను. ఒకటి చేప మీద దిగింది, జారింది, ఎగిరిపోయింది. నున్నటి టైల్, దాని మీద పాచి, పిట్ట గోరుకి ఏం దొరుకుతుంది? కాసేపటికి ఇంకోటి అవతలి సగంలో దిగింది. చిన్నాడు వేళ్లతో గీతలు గీసి వదిలేసిన బోడి సిమెంటు అది. దాని మీద నిలబడి రెక్కలు దులిపి తానం చేసింది. అప్పటి నుంచి రెండంగుళాలకి మించి నీళ్లు పోయడం లేదు, చేప వైపు నాలుగు గరుకు రాళ్లు పెట్టాను. అయినా అన్నీ చిన్నాడి సగం వైపే వస్తాయి. చేప మీద ఒక్క పిట్టా నిలబడదు.

మళ్లీ చేస్తానా అంటే చేస్తాను, కానీ వేరేలా. బొమ్మంతా అంచు మీద, బయటివైపు. లోపల ఇసుక చల్లిన సిమెంటు, అంతే. మట్టి పళ్లెం బదులు సిమెంటుదే పోత పోయిస్తాను, ఉప్పుకి కాస్త ఆగుతుందని మేస్త్రి మాట. అయిదేళ్లు నిండని పిల్లలుంటే ఒక పూటలో అయిపోతుందని లెక్క వేసుకోవద్దు, మాకు చాలా రోజులు పట్టింది.

మొన్న వేసవిలో పిల్లలొచ్చినప్పుడు పెద్దది చేప కన్ను ఏదని అడిగింది. అది జాడీ మూత మీది బొడిపె, గట్టిగానే అతికించాం. కాకి ఎత్తుకుపోయిందని వాళ్ల తాతయ్య చెప్పారు. కడుగుతూ నేనే ఊడగొట్టాను, ఇంకా దేవుడి గూట్లో ఉంది. చిన్నాడికి ఇప్పుడు ఏడేళ్లు. పిచ్చుకలు తన వైపే దిగుతాయని అక్కకి రోజుకి నాలుగుసార్లు గుర్తుచేశాడు.