ఆటోనగర్‌లో మా పద్మిని కారు రిపేరు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనకాల, బోర్డు కూడా సరిగా కనపడని చిన్న షెడ్డు అది. పాత ఫియట్లు, అంబాసిడర్లు తప్ప వేరే బళ్లు ముట్టుకోరు. మా నాన్నగారి 1978 ప్రీమియర్ పద్మినిని, అంటే ఆ పాత ఫియట్ కారునే, అక్కడ బాగుచేయించాం. పనికి వంక పెట్టలేను. టైముకి మాత్రం ఓపిక ఉండాలి: సంక్రాంతికి ఇస్తామన్న బండి ఉగాదికి చేతికొచ్చింది.

అంతకుముందు వేరే చోట చూపిస్తే, ఇంజన్ పీకేసి ఏదైనా కొత్త కారు ఇంజన్ పెట్టించుకోమన్నారు. నాకు మనసొప్పలేదు. ఇక్కడి మేస్త్రి గారు బానెట్ ఎత్తి కాసేపు చూసి, "ఇంజన్ బాగానే ఉందమ్మా, రబ్బరే పోయింది" అన్నారు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు, ఉబ్బి పగిలిపోతుంది. పెట్రోలు పైపులు, పంపులో డయాఫ్రం అనే రబ్బరు పొర, గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ వాషర్లు అన్నీ మార్చారు. ట్యాంకు దించి తుప్పు కడిగించారు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే కాబట్టి లైనర్లు కొత్తవి వేశారు. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బుష్షులు ఎక్కడా దొరక్కపోతే, పాతవి కొలిచి పక్క వీధిలో లేత్ మీద చేయించారు. ఆ ఒక్క పని కోసమైనా ఆ షెడ్డుకి వెళ్లొచ్చు.

టింకరింగ్, పెయింటు కాకుండా 62 వేలైంది. తీసేసిన సామానంతా గోనెసంచిలో వేసి అప్పగించారు. బిల్లులో మాత్రం దేనికెంతో విడివిడిగా రాయలేదు, అడిగితే నోటిమాటగా చెప్పారు. ఇది మార్చుకోవాలి.

"మన తరం దాటితే దీన్ని ఎవరు కొంటారక్కా?" అని మా తమ్ముడి బెంగ. ముంబైలో టాక్సీలుగా తిరిగిన పద్మినీలు 2023లో ఆగిపోయాయి. అవి తిరిగినన్నాళ్లూ సామాన్లకి గిరాకీ ఉండేది, ఇకమీద అంత ఉండదు. అందుకే కారు ధర కంటే ముందు దాన్ని విప్పి బిగించగలిగే మనిషి ఉన్నాడా అని చూస్తాను. మేస్త్రి గారి అబ్బాయి డిప్లొమా చదివి ఇదే షెడ్డులో పని చేస్తున్నాడు. కార్బురేటర్ ట్యూనింగ్ అంతా అతనిదే. ఇంజన్ చప్పుడు వింటూ స్క్రూ తిప్పుతాడు. అతన్ని చూశాక నాకు ధైర్యమొచ్చింది.

మా అబ్బాయి వాళ్ల తాతగారు ఈ కారు నడపడం చూడనేలేదు. వాడికి జ్ఞాపకాల గొడవ లేదు. ఏ భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది, చేత్తో విప్పుకోవచ్చు, అందుకే ఇష్టం. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డుతో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కూడా టెన్షన్ లేకుండా నడుపుతున్నాడు.

2028లో బండికి యాభై ఏళ్లు నిండుతాయి. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 20 వేలు కట్టి, యాభై ఏళ్లు దాటిన బళ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవచ్చు, 'వీఏ' అక్షరాలున్న నంబరిస్తారు. తమ్ముడు తీసుకోమంటున్నాడు, అమ్మేటప్పుడు ధర పలుకుతుందని. కానీ ఆ నంబరుతో మామూలుగా రోజూ రోడ్డెక్కకూడదు. మావాడు అందుకే వద్దంటున్నాడు. నేనూ వాడి వైపే.