ఈజిప్టులో జంతువుల వెంట: మ్యూజియాలు, గుళ్ళు, నైలు క్రూజ్

ఈజిప్టు వెళ్ళినవాళ్ళు పిరమిడ్ల దగ్గరే సగం ఓపిక ఖర్చుపెట్టేస్తారు. అక్కడి పనివాళ్ళ పనితనం తెలియాలంటే మాత్రం వాళ్ళు మలచిన జంతువుల ముందు నిలబడాలి. మేము ప్రయాణం అలాగే వేసుకున్నాం.

మాకు ఇచ్చిన ప్యాకేజీలో కైరో తహ్రీర్ స్క్వేర్‌లోని పాత మ్యూజియం లేనే లేదు. పట్టుబట్టి చేర్పించుకున్నాం. నా ఓటు ఇప్పటికీ దానికే. తొలినాటి రాజు నార్మర్ పేరుతో ఉన్న రాతి పలక అక్కడే ఉంది. సుమారు 5,000 ఏళ్ళ కిందటిది. కళ్ళకు పెట్టుకునే రంగు నూరుకునే పలక రూపంలోనే చేసి, గుడికి సమర్పించారు. రెండు మృగాల పొడవాటి మెడలు పెనవేసుకున్న చోట మధ్యలో గుండ్రటి గుంట ఏర్పడుతుంది. రంగు నూరే చోటు అదే! కింద ఒక ఎద్దు కోటగోడను కుమ్ముతుంటుంది. ఆ ఎద్దు రాజుకు గుర్తు. తానిస్‌లో దొరికిన రెండో షోషెంక్ రాజు వెండి శవపేటికకు డేగ తల ఉంటుంది, అదీ వదలొద్దు.

గిజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరుచుకుంది. టికెట్ టైమ్ స్లాట్‌తో ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. కుర్ర రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన సంపద అంతా ఇప్పుడు ఇక్కడే. జనమంతా బంగారు ముసుగు చుట్టూ మూగుతారు. నేను ఎక్కువసేపు ఉన్నది నక్క రూపంలోని దేవుడు అనుబిస్ దగ్గర. నల్లటి చెక్క నక్క, బంగారు పెట్టె మీద ముందుకాళ్ళు చాపి పడుకుని ఉంటుంది. చెవుల్లో బంగారు పూత, గోళ్ళు మాత్రం వెండివి. నక్కలు శ్మశానాల్లో తిరుగుతాయి కదా, అదే జంతువును సమాధికి కాపలా పెట్టారు. భయపడాల్సినదాన్నే రక్షకుడిని చేసుకున్న ఆ ఆలోచన నన్ను కదిలించింది. సింహం, ఆవు, నీటిగుర్రం తలలున్న మూడు బంగారు మంచాలు కూడా తప్పక చూడండి.

బస విషయానికొస్తే, పాత మ్యూజియం కోసం డౌన్‌టౌన్ మేలు. నడిచి వెళ్ళొచ్చు, కాకపోతే రాత్రంతా హారన్లే. శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు, కొషరీ (అన్నం, పప్పు, పాస్తా కలిపింది), తామియా (చిక్కుడు గింజల వడలు) ఎక్కడైనా దొరుకుతాయి.

లక్సర్‌లో కర్ణాక్ గుడి కొలను పక్కన పెద్ద రాతి పేడపురుగు ఉంది. మూడో అమెన్‌హోటెప్ రాజు చేయించినది. పేడ ఉండను దొర్లించే పురుగులో సూర్యుణ్ణి దొర్లించే దేవుణ్ణి చూశారు వాళ్ళు. ఇప్పుడు టూరిస్టులు కోరికలు కోరుకుంటూ దాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు.

అక్కణ్ణించి క్రూజ్. గదులు శుభ్రం, భోజనం ఫరవాలేదు, ఒడ్డు మీద ఇచ్చే టైమ్ మాత్రం అన్యాయం. ఎడ్ఫూ గుడిలో కిరీటం పెట్టుకున్న రాతి డేగతో ఫొటోకే క్యూ కట్టాలి. కొమ్ ఓంబోలో అయితే మా గైడ్ గుడి చూపించి పడవ దగ్గరికి తొందరపెట్టేశాడు. మొసలి దేవుడు సొబెక్ గుడి అది, పక్కనే మొసళ్ళ మమ్మీల మ్యూజియం. ఏసీ హాలు, నిశ్శబ్దం, వరుసగా పెద్దవీ పిల్లలూ. దానికి కనీసం అరగంట కావాలి. క్రూజ్ బుక్ చేసేటప్పుడే ఆ అరగంట మాట అడిగి రాయించుకోండి. ఒప్పుకోకపోతే క్రూజ్ ముగిసే అస్వాన్‌లో దిగి, కారు మాట్లాడుకుని వెనక్కి రండి, అంత దూరమేమీ కాదు.