పినకిల్ పీక్ ట్రైల్: కొసకు చేరితే సగమే

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో స్కాట్స్‌డేల్ నగరం ఉత్తరపు అంచున, ఇళ్ల కాలనీలను ఆనుకునే ఉంది పినకిల్ పీక్ పార్కు. నడిపేది నగరపాలక సంస్థ, ప్రవేశం ఉచితం. మొదట్లోనే పార్కింగ్, టాయిలెట్లు, తాగునీళ్లు అన్నీ ఉన్నాయి. అవి చూసి ఇదేదో వాకింగ్ ట్రాక్ అనుకుని, అర లీటరు సీసా చేత్తో పట్టుకుని బయల్దేరితే ఇబ్బందే. బాట మీదికి వెళ్లాక నీటి చుక్క దొరకదు, నీడా అంతంతే.

పొడవు ఒకవైపు 2.8 కిలోమీటర్లు (1.75 మైళ్లు), రానూపోనూ 5.6 కిలోమీటర్లు. చుట్టు తిరిగి వచ్చే దారి కాదు, వెళ్లిన బాటనే వెనక్కి రావాలి. చిక్కంతా ఇక్కడే. మామూలు కొండైతే ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. ఇక్కడ తూర్పు నుంచి మెలికలు తిరుగుతూ ఎక్కి, కొండ భుజం దాటి, పడమటి కొసకు దిగిపోతాం. కారేమో తూర్పున ఉంటుంది! కాళ్లు అలిసి, ఎండ ముదిరాక మళ్లీ ఎక్కాలి. మొత్తం ఎక్కుడు రమారమి 1,300 అడుగులు. అందుకే సగం నీళ్లు అయ్యాక తిరగొచ్చనే లెక్క ఇక్కడ చెల్లదు, మూడో వంతు అవగానే వెనుదిరగాలి. కొత్తవాళ్లు దారిలో గ్రాండ్‌వ్యూ అనే చూపుచోటు దగ్గరే ఆగి వచ్చేస్తే మేలు, పెద్దగా పోయేదేమీ లేదు. శిఖరం మీదికి ఎలాగూ బాట పోదు. ఆ రాతి మొన తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లది.

బాట చక్కగా తీర్చి ఉంది గానీ, చీకిన గ్రానైట్ రవ్వ పైన పరుచుకుని ఉంటుంది, గచ్చు మీద జొన్నలు పోసినట్టు. దిగేటప్పుడు జారేది దాని మీదే. అడుగు అరిగిన బూట్లు పనికిరావు. మడమ మీద బరువు వేయకుండా, మోకాళ్లు కాస్త వంచి చిన్న అడుగులు వేయాలి.

నీళ్లు చలికాలంలో మనిషికి లీటరున్నర, ఏప్రిల్ నుంచి కనీసం రెండున్నర లీటర్లు. పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా తడవలేదు కదా అని తాగడం మానకూడదు. గంటల తరబడి ఉత్త నీళ్లే పట్టిస్తే ఒంట్లో సోడియం పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి, ఉప్పు తగిలే చిరుతిండి ఏదైనా ఉండాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, తెరవగానే మొదలుపెట్టి పెందలాడే దిగలేకపోతే ఆ రోజుకు మానుకోవాలి.

సంచిలో ఒక దువ్వెన పెట్టుకోండి. నవ్వులాట కాదు. చోయా అనే కాక్టస్ ముక్కలు తాకీ తాకగానే ఊడొచ్చి బట్టకో, పిక్కకో అంటుకుంటాయి. ముళ్లకు వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, వేళ్లతో పీకితే వేళ్లకు దిగుతాయి. దువ్వెన పళ్లు ముక్కకూ చర్మానికీ మధ్య దూర్చి, మనుషులు లేని వైపు ఒక్క విసురు విసరాలి. మిగిలిన ముళ్లు ట్వీజర్లతో తీసుకోవచ్చు. వెచ్చని నెలల్లో తోక ఆడించి చప్పుడు చేసే విషపాములు, గిలకపాములు, బాట మీదికీ వస్తాయి. చప్పుడు వినగానే ఆగి, ఎక్కడుందో చూసుకుని వెనక్కి జరగాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం వద్దు, అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడమే.

కుక్కలకు ప్రవేశం లేదు, గొలుసు వేసి పట్టుకున్నా సరే. సైకిళ్లకూ అంతే.