వీడ్ మ్యాట్ కొనేముందు ఒకసారి కాటా మీద పెట్టించండి

పెరట్లో కలుపు భరించలేక నేల మీద వీడ్ మ్యాట్, అంటే నేసిన నల్ల ప్లాస్టిక్ షీటు, పరుద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఫోన్‌లో వీడియో చూసి, "100 జీఎస్ఎం, యూవీ ట్రీటెడ్, 5 ఏళ్ల గ్యారంటీ" అన్న మాట నమ్మి డబ్బులు పంపబోతున్నవాళ్లు కాసేపు ఆగండి. నేను ఆగలేదు. రెండు రోల్స్‌కి 2,300 రూపాయలు పోయాయి. అది చిన్న నష్టమే. ఆ షీటు పీలికల్ని మట్టిలోంచి ఏరించడానికి పెట్టిన కూలి దానికి రెట్టింపు అయింది.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. ఇంటి వెనక ఐదు సెంట్ల దొడ్డి ఉంది. నాలుగు కొబ్బరిచెట్లు, అరటి పిలకలు, రెండు నిమ్మచెట్లు, మల్లెపొదలు. ఒండ్రు నేల, పక్కనే పంటకాలువ, ఏడాదిలో ఎక్కువ రోజులు తేమే. మనం నాటింది బతికినా బతక్కపోయినా తుంగ మాత్రం పిలవకుండా వచ్చేస్తుంది. దాంతోపాటు గరిక, గలిజేరు, గోడ వారన వయ్యారిభామ. నెలకోసారి ఇద్దరు ఆడకూలీలని పెట్టి తీయించేదాన్ని. వానాకాలంలో అయితే వాళ్లు ఈ చివరికి వచ్చేసరికి ఆ చివర మళ్లీ మొలిచేది.

పోయినేడాది ఏప్రిల్‌లో, కాలువలు కట్టేశాక, దొడ్డి ఎండింది కదా ఇదే అదను అనుకున్నాను. రెండు మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉన్న రోల్ అంటే 100 చదరపు మీటర్లు, సుమారు రెండున్నర సెంట్లు. రెండు రోల్స్ అయితే మా దొడ్డికి సరిపోతాయి. తెలిసిన షాపులో ఒక్కో రోల్ 1,900 అన్నారు. వాట్సాప్‌లో దొరికిన ఒకాయన 1,150కే ఇస్తానన్నాడు. ఫొటోలో అచ్చం అదే షీటు, అవే పచ్చ గీతలు. మా అత్తయ్యగారు అప్పుడే అన్నారు, "గుమ్మం ముందు కొబ్బరి డొక్కలు గుట్టపోసుకుని, డబ్బులిచ్చి ప్లాస్టిక్ కొంటావేంటమ్మా" అని. వినలేదు.

రోల్స్ వచ్చాయి. పైన కంపెనీ పేరు లేదు, కొలత లేదు, ఎమ్మార్పీ లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండి తీరాలన్నది రూలు. ఆ సంగతి తెలిసి కూడా పట్టించుకోలేదు. ఒక రోల్ విప్పి, కలుపు తీయించి, పరిపించి, ఇనుప పిన్నులు కొట్టించాను. చెట్ల మొదళ్ల దగ్గర కత్తెరతో గుండ్రంగా కోశాం. మే నెలంతా దొడ్డి ఎంత నీటుగా ఉందో చెప్పలేను. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను కూడా.

జూన్ ఆఖర్లో నాలుగు వానలు పడ్డాయి. జులైలో ఒకరోజు పొద్దున్న చూస్తే షీటు మధ్యలోంచి సూదుల్లా పచ్చటి మొనలు లేచాయి. తుంగ! కోసిన అంచుల నుంచి కాదు, నేతలోంచే పొడుచుకుని వచ్చేసింది. లాగితే ఆకు తెగి చేతికొస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది. తుంగకి మట్టిలో గడ్డలు గొలుసులా ఉంటాయి. ఒకటి చస్తే పక్కది మొలుస్తుంది. దాని మొన గట్టిగా, వాడిగా ఉంటుంది, పల్చటి ప్లాస్టిక్ దానికి ఒక లెక్క కాదు. కూరగాయల మళ్లలో వేసే 25, 30 మైక్రాన్ల మందముండే మల్చింగ్ షీటునైతే సునాయాసంగా చీల్చేస్తుంది. ఆ షీటు ఒక పంట కోసం చేసింది, పైగా దాంట్లోంచి నీళ్లు దిగవు, కింద డ్రిప్ పైపు ఉండాలి. పెరట్లో చెట్ల మధ్య దాన్ని కొనకండి. కానీ వీడ్ మ్యాట్ అనేది దట్టంగా నేసిన షీటు, తుంగని చాలావరకు అణిచి ఉంచాలి. మరి ఇదెందుకు ఆపలేదు?

అప్పుడు తోచింది కాటా సంగతి. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు షీటు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, అంతే. 100 చదరపు మీటర్ల రోల్ 100 జీఎస్ఎం అయితే పది కేజీలు తూగాలి. విప్పని రెండో రోల్‌ని కొబ్బరికాయల కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టించాను. ఐదు కేజీల ఆరువందల గ్రాములు! లోపలి అట్టగొట్టంతో కలిపి. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే పొడవు 50 కాదు, 47. అంటే 60 జీఎస్ఎం కూడా లేదు. కొట్టు ఆయన నవ్వి, "అమ్మా, కొబ్బరికాయలు లెక్కపెట్టి కొంటారు, దీన్ని చూసి కొన్నారా" అన్నాడు. ఏమంటాను.

తర్వాత ఇంకో పరీక్ష కూడా చేశాను. ఇది మీరు షాపులోనే చేయొచ్చు. షీటుని ఎండకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. నాదాంట్లో చిన్న చిన్న చుక్కల్లా వెలుతురు కనిపించింది. వెలుతురు దిగితే కింద మొలిచింది బతుకుతుంది. గోరుతో నేతని పక్కకి నెట్టి చూడండి, పట్టీలు జరిగి సందు పడితే వద్దనేయండి. ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి, కిందికి దిగాలి. దిగకపోతే అది టార్పాలిన్ లాంటి కోటింగ్ ఉన్న సరుకు. మన నేలలో అది వేస్తే వానాకాలంలో పైన నీళ్లు నిలబడి దోమలు పెరుగుతాయి, కింద వేళ్లు కుళ్లుతాయి.

యూవీ సంగతి మాత్రం కంటితో చూసి చెప్పలేం. ఈ షీటు నేసే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో ఎండకి తట్టుకునే మందు కలపకపోతే కొన్ని నెలల్లోనే పెళుసెక్కుతుంది. మాది సరిగ్గా డిసెంబరుకి అప్పడంలా అయింది. కాలు పెడితే విరిగింది. సంక్రాంతికి ముందు తీసేద్దామని పట్టుకుంటే షీటుగా రాలేదు, సన్నటి నల్ల పీలికలుగా వచ్చింది. అవి తుంగ వేళ్లతో, అరటి వేళ్లతో పెనవేసుకుపోయాయి. బొరిగెకి చుట్టుకుంటాయి, పారకి చుట్టుకుంటాయి. పనికొచ్చిన ఆవిడ, "అమ్మగారూ, గడ్డి పీకడం నయమండీ, ఇది జుట్టు చిక్కు తీసినట్టుంది" అంది. ఇప్పటికీ మల్లె మొదట్లో తవ్వితే రెండు పీలికలు వస్తున్నాయి. అన్నట్టు, ముడతలు పడి పైకి లేచిన చోట ఎలుకలు చేరాయి, వాటికోసం ఒక జెర్రిపోతు వచ్చింది. అదేం చేయదని తెలిసినా, వారం రోజులు దొడ్డివైపు వెళ్లలేదు.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. మొదట "మేడం, మీ ఏరియాలో ఎండ ఎక్కువ మేడం" అన్నాడు. ఎండకి తట్టుకుంటుందనే కదండీ గ్యారంటీ ఇచ్చారు అంటే, బిల్లు ఫొటో పంపమన్నాడు. బిల్లు ఆయనే ఇవ్వలేదు! తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. కానీ నా దగ్గర ఉన్నది వాట్సాప్ మాటలు, డబ్బు పంపిన స్క్రీన్‌షాటు మాత్రమే. కాబట్టి జీఎస్టీ బిల్లు మీద జీఎస్ఎం ఎంతో, కొలత ఎంతో, గ్యారంటీ ఎన్నాళ్లో రాయించుకోకుండా రూపాయి కూడా పంపొద్దు.

షీటే కావాలనుకుంటే ఒక పని చేయండి. కడియపులంక వైపు వెళ్లినప్పుడు నర్సరీల్లో కుండీల కింద పరిచిన షీటు చూసి, వేసి ఎన్నేళ్లయిందో, ఎక్కడ కొన్నారో అడగండి. ఎండలో మూడేళ్లు నిలబడిన షీటు కళ్లముందుంటే వీడియోలు దేనికి? కోసిన అంచుల్ని కొవ్వొత్తి మంటతో కొంచెం కరిగిస్తే పీలికలు ఊడవు. ఒక మాట, మంచి షీటైనా పైన మట్టి, ఆకులు పేరుకుంటే ఆ మట్టిలోనే గడ్డి మొలుస్తుంది, అప్పుడప్పుడు ఊడ్వాల్సిందే.

నేను మాత్రం అత్తయ్యగారి దారిలోకి వచ్చేశాను. అట్టపెట్టెల టేపులు పీకి, జానెడు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచి, తడిపి, పైన కొబ్బరి డొక్కలు బోర్లించి పేర్చాను. బోర్లించడం మర్చిపోకండి, వెల్లకిలా ఉంటే ప్రతి డొక్కా దోమల తొట్టే. మధ్య సందుల్లో నరికిన కమ్మలు. తుంగ పూర్తిగా పోలేదు, కానీ పలచబడింది. వచ్చినదాన్ని లాగితే మెత్తటి మట్టిలోంచి గడ్డతో సహా వస్తోంది. దీనికీ తంటాలున్నాయి. డొక్కల్ని పేడతో కలిపి గుట్టగా కుళ్లబెడితే కొబ్బరికి కొమ్ము పురుగు పుట్టేది అక్కడే, అందుకే పల్చగా పరవాలి. వరిగడ్డి వేస్తే దాంతోపాటు ఊద కలుపు గింజలు కూడా వస్తాయి. ఊక వేసి చూశాను, మొదటి గాలికే సగం వంటింట్లో ఉంది. ఉప్పునీటి వైపు ఊరేసిన పీచు పొట్టు అయితే రెండుమూడుసార్లు మంచినీళ్లతో కడిగాకే మొక్కల దగ్గర వేయండి.

రెండో రోల్ ఇంకా పశువుల పాకలో ఉంది. మొన్న కోతలప్పుడు పక్కింటాయన ధాన్యం ఆరబోసుకోవడానికి అడిగారు. ఇవ్వలేదు. ఆ పీలికలు గింజల్లో కలిస్తే ఏరేదెవరు?