ప్రపంచకప్పా, పరాయిగడ్డ మీద సిరీసా: రగ్బీలో ఏది మేలు?

2009 జూన్ 27, ప్రిటోరియా. దక్షిణాఫ్రికా, లయన్స్ (నాలుగు దేశాల ఉమ్మడి జట్టు) మధ్య రెండో టెస్టు, అంటే అంతర్జాతీయ మ్యాచ్. స్కోరు 25-25. ఎనభై నిమిషాల ఆట అయిపోవచ్చింది. బంతి కోసం గాలిలోకి ఎగిరిన ఫూరీ డు ప్రీజ్‌ను లయన్స్ ఆటగాడు రోనన్ ఓగారా ఢీకొట్టాడు. రిఫరీ ఈల ఊదాడు. దక్షిణాఫ్రికాకు పెనాల్టీ, అంటే బంతిని స్తంభాల మధ్యకు తన్నితే మూడు పాయింట్లు. అయితే అది వాళ్ల సొంత సగంలోనే దొరికింది. అక్కడి నుంచి గోల్ స్తంభాలు యాభై మీటర్లకు పైనే. ప్రిటోరియా ఎత్తైన ఊరు, గాలి పలచన, బంతి నాలుగడుగులు ఎక్కువే పోతుంది. అయినా అంత దూరం నుంచి తన్నడానికి గుండె ఉండాలి. మ్యాచ్ మధ్యలో బరిలోకి దిగిన మోర్నే స్టెయిన్ బంతిని నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, తన్నాడు. బంతి స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. 28-25. మొదటి టెస్టు అప్పటికే గెలిచారు కాబట్టి, సిరీస్ కూడా ఆ ఒక్క తన్నుతో వాళ్లదైంది.

పన్నెండేళ్ల తర్వాత, 2021 ఆగస్టులో కేప్‌టౌన్. కోవిడ్ కాలం, స్టాండ్లన్నీ ఖాళీ. సిరీస్ 1-1, చివరి టెస్టు 16-16. మళ్లీ ఆఖరి నిమిషాలు, మళ్లీ పెనాల్టీ, మళ్లీ మధ్యలో దిగిన అదే మనిషి. వయసు 37. స్టెయిన్ తన్నాడు, 19-16. లయన్స్ మీద రెండు సిరీస్‌లు ఒకే కాలితో ముగించిన మనిషి రగ్బీ చరిత్రలో మరొకడు లేడు. అయితే అతను ప్రపంచకప్ మాత్రం ఎప్పుడూ గెలవలేదు. 2011 ప్రపంచకప్‌లో అందరికంటే ఎక్కువగా 62 పాయింట్లు చేశాడు. జట్టు మాత్రం క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 11-9తో ఓడి ఇంటిదారి పట్టింది.

అదే 2011లో న్యూజిలాండ్‌లో ఇంకొకడున్నాడు, స్టీఫెన్ డొనాల్డ్. జట్టులో చోటే లేదు. వైకాటో నదిలో వల వేసి చిన్న చేపలు పట్టుకుంటున్న సమయంలో కోచ్ నుంచి పిలుపు వచ్చింది. డాన్ కార్టర్‌కు గాయం, అతని స్థానంలో ఆడాల్సిన కాలిన్ స్లేడ్‌కూ గాయం. ఫైనల్లో మూడో మనిషి ఆరన్ క్రూడెన్ మోకాలు కూడా పట్టు తప్పింది. ఒంటికి బిగుతైన జెర్సీతో డొనాల్డ్ మైదానంలోకి వచ్చాడు, ఒక పెనాల్టీ తన్నాడు, మూడు పాయింట్లు. న్యూజిలాండ్ 8-7తో ఫ్రాన్స్ మీద గెలిచింది. 24 ఏళ్ల తర్వాత కప్పు. డొనాల్డ్ ఆ తర్వాత ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) తరఫున మరో టెస్టు ఆడలేదు. ఆడాల్సిన అవసరమూ లేకపోయింది. ఆ దేశంలో అతని పేరు తెలియని మనిషి లేడు.

ఇద్దరిలో ఎవరి తన్ను గొప్పది? రగ్బీ తెలిసినవాళ్లను అడిగితే స్టెయిన్ అంటారు, తెలియనివాళ్లను అడిగితే డొనాల్డ్ అంటారు. ఈ పేచీ అంతా అక్కడే ఉంది.

రగ్బీ పెద్దగా చూడనివాళ్ల కోసం ఒక మాట. లయన్స్ అంటే ఒక దేశం జట్టు కాదు. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లండ్ ఆటగాళ్లను ఏరి కూర్చి నాలుగేళ్లకోసారి దక్షిణార్ధగోళానికి పంపుతారు. దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వంతులవారీగా ఆతిథ్యమిస్తాయి. అంటే ఒక్కో దేశానికి ఆ వంతు పన్నెండేళ్లకోసారి వస్తుంది, మన పుష్కరాల్లాగే. చాలామంది ఆటగాళ్లకు జీవితంలో ఒక్కసారే. ప్రపంచకప్ అయితే నాలుగేళ్లకోసారి తలుపు తడుతుంది. అరుదుతనమే ప్రతిష్ఠకు కొలత అయితే వాదన ఇక్కడే ముగియాలి. ముగియదు.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ తూకం కొత్త కాదు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో భారత్ సిరీస్ గెలిచినప్పుడు, తండ్రి పోయినా ఇంటికి రాకుండా అక్కడే ఉండి అయిదు వికెట్లు తీసిన హైదరాబాదీ సిరాజ్‌ను తలచుకోండి. ఆ గెలుపును ఏ కప్పుతోనైనా మారుస్తారా అని అడిగితే మనలో చాలామంది ఒక్క క్షణం తడబడతాం. రగ్బీలో ఆ తడబాటు ఇంకా ఎక్కువ. ఎందుకంటే అక్కడ ప్రపంచకప్ పుట్టిందే 1987లో. అంతకు ముందు దాదాపు వందేళ్లపాటు పర్యటనే ప్రపంచకప్.

ఆ పర్యటన ఎంత కఠినమైన పరీక్షో న్యూజిలాండ్ వాళ్లకు తెలుసు. ఆల్ బ్లాక్స్ దక్షిణాఫ్రికాకు 1928లో వెళ్లి 2-2తో సరిపెట్టుకున్నారు. 1949లో నాలుగుకు నాలుగు ఓడారు. ఆ ఏడాది సెప్టెంబరు 3న అయితే డర్బన్‌లో ఒక జట్టు, స్వదేశంలో వెల్లింగ్టన్‌లో మరో జట్టు, ఒకే రోజు రెండు టెస్టులు పోగొట్టుకున్నారు. 1960, 1970, 1976లలోనూ ఓటమే. ఎత్తైన ఊళ్లు, నెలల తరబడి ప్రయాణం, వారం మధ్యలో రాష్ట్ర జట్లతో ఒళ్లు హూనమయ్యే మ్యాచ్‌లు, వీటన్నిటికీ తోడు ఆ రోజుల్లో ఈల ఊదేది కూడా ఆతిథ్య దేశపు రిఫరీయే. సొంత పెరట్లో కోర్టు పెట్టి తీర్పు చెప్పినట్టు.

చివరికి 1996 వచ్చింది. అంతకు ఏడాది ముందే జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్‌ను అదనపు సమయంలో 15-12తో దక్షిణాఫ్రికాకు పోగొట్టుకున్న జట్టది. డర్బన్‌లో 23-19తో మొదటి టెస్టు గెలిచారు. ఆగస్టు 24న ప్రిటోరియాలో రెండో టెస్టు. చివరి నిమిషాల్లో ఆధిక్యం నాలుగు పాయింట్లే. ఒక్క ట్రై (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం, అయిదు పాయింట్లు) పడితే అంతా పోతుంది. అప్పుడు, తన్నడం తన పని కాని ఫార్వర్డ్ జింజన్ బ్రూక్ డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగానే బంతిని నేలకు తాకించి స్తంభాల మధ్యకు తన్నడం, మూడు పాయింట్లు) కొట్టాడు. 33-26. ఆఖరి ఈల మోగగానే కెప్టెన్ షాన్ ఫిట్జ్‌పాట్రిక్ నేల మీద వాలిపోయి పిడికిళ్లతో గడ్డిని బాదాడు. ఈ ఫిట్జ్‌పాట్రిక్ 1987లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో కూడా ఆడినవాడే. నా లెక్కలో న్యూజిలాండ్‌కు 1987 కప్పు కంటే ఈ సిరీస్ బరువెక్కువ. 1987లో 16 జట్లను ఆహ్వానించి ఆడించారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష కారణంగా అసలు రాలేదు. బలమైన ప్రత్యర్థి లేని పోటీలో దొరికిన కిరీటం అది. 1996లో మాత్రం ప్రపంచ విజేతను వాళ్ల ఇంట్లోనే ఓడించారు.

అయితే సిరీస్‌లను దేవుడి గూట్లో పెట్టేవాళ్లు ఒక సంగతి దాటవేస్తారు. ఆ పాత పర్యటనల గొప్పదనం కింద మురికి కూడా పేరుకుని ఉంది. 1928, 1949, 1960లలో దక్షిణాఫ్రికాను నొప్పించకూడదని న్యూజిలాండ్ తన మావోరీ (అక్కడి మూలవాసులు) ఆటగాళ్లను ఇంట్లో వదిలి వెళ్లింది. 1970లో వాళ్లను తీసుకెళ్లినప్పుడు ‘గౌరవ శ్వేతజాతీయులు’ అన్న ముద్ర వేసి రానిచ్చారు. 1976 పర్యటన వల్ల ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. 1981లో దక్షిణాఫ్రికా న్యూజిలాండ్‌కు వచ్చినప్పుడు నిరసనకారులు మైదానంలోకి దూసుకురావడంతో హామిల్టన్‌లో మ్యాచ్ రద్దయింది. ఆక్లాండ్‌లో చివరి టెస్టు నడుస్తుండగా ఒక చిన్న విమానం మైదానం మీద తిరుగుతూ పిండి మూటలు విసిరింది. అందులో ఒకటి తగిలి న్యూజిలాండ్ ఆటగాడు గ్యారీ నైట్ కింద పడ్డాడు. న్యూజిలాండ్ ఆ మ్యాచ్ 25-22తో, సిరీస్ 2-1తో గెలిచింది. అయితే ఆ దేశంలో 1981 అంటే జనానికి మొదట గుర్తొచ్చేది ఆ గెలుపు కాదు.

ప్రపంచకప్‌కు ఉన్న బలం ఇక్కడ తెలుస్తుంది. 1995 ఫైనల్ రోజున నెల్సన్ మండేలా స్ప్రింగ్‌బాక్స్ (దక్షిణాఫ్రికా జట్టు) కెప్టెన్ ఆరో నంబరు జెర్సీ వేసుకుని మైదానంలోకి వచ్చాడు. అంతకాలం నల్లజాతివారు అసహ్యించుకున్న జెర్సీ అది. ఆ సాయంత్రానికి సాటిరాగల సిరీస్ విజయం దక్షిణాఫ్రికాకు లేదు, ఇక ముందు ఉండబోదు కూడా. ఇదంతా ఆటకు బయటి సంగతి అనవచ్చు. ప్రతిష్ఠ అనేదే సగం ఆటకు బయట తయారవుతుంది మరి.

ఇక అదృష్టం సంగతి. కప్పులో ఒక్క చెడ్డ సాయంత్రం చాలు, నాలుగేళ్ల కష్టం గంగలో కలుస్తుంది. 2007లో దక్షిణాఫ్రికా న్యూజిలాండ్‌తో గానీ ఆస్ట్రేలియాతో గానీ తలపడకుండానే కప్పెత్తింది. నాకౌట్లో ఫిజీ, అర్జెంటీనా, ఇంగ్లండ్‌లను దాటితే సరిపోయింది. సిరీస్ అలా కాదు, మూడు వారాల్లో నిజం బయటపడుతుంది అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. 1997లో డర్బన్ స్కోరుకార్డు చూశాక గొంతు తగ్గింది. ఆ రెండో టెస్టులో దక్షిణాఫ్రికా మూడు ట్రైలు చేసింది, లయన్స్ ఒక్కటీ చేయలేదు. ట్రైకి అయిదు చొప్పున పదిహేను. గోల్‌కు దక్షిణాఫ్రికా తన్నిన ఒక్క బంతీ స్తంభాల మధ్య పడలేదు. లయన్స్ తరఫున నీల్ జెంకిన్స్ అయిదు పెనాల్టీలు కొట్టాడు, అదీ పదిహేనే. చివర్లో జెరెమీ గస్కాట్ డ్రాప్ గోల్‌తో 18-15. సిరీస్ లయన్స్ ఖాతాలో పడింది. మూడో టెస్టులో వాళ్లు 35-16తో చిత్తయ్యారు, అయినా అప్పటికే పని అయిపోయింది. ఇందులో బలమెంత, అదృష్టమెంత? పైగా, 2023లో దక్షిణాఫ్రికా కప్పు గెలిచిన తీరు చూడండి. ఫ్రాన్స్ మీద 29-28, ఇంగ్లండ్ మీద 16-15, ఫైనల్లో న్యూజిలాండ్ మీద 12-11. వరసగా మూడు మ్యాచ్‌లు ఒక్కో పాయింటుతో. ఒకసారైతే అదృష్టం అనవచ్చు, మూడుసార్లు జరిగితే దానికి వేరే పేరు పెట్టాలి.

కాబట్టి నేను తేడాను ఇలా చూస్తాను. కప్పు వంద రూపాయల నోటు లాంటిది. ఏ సంవత్సరం అచ్చైనా ఎక్కడైనా వందే. సిరీస్ పొలం లాంటిది. ఎక్కడుంది, నీళ్లున్నాయా, దారి ఉందా చూసి ధర కడతారు. 2025లో లయన్స్ ఆస్ట్రేలియాలో 2-1తో గెలిచారు. మెల్‌బోర్న్‌లో 90 వేల మంది ముందు చివరి నిమిషంలో హ్యూగో కీనన్ చేసిన ట్రైతో 29-26. మ్యాచ్ అద్భుతం. కానీ అప్పటి ఆస్ట్రేలియా బలం అంతంతమాత్రం కాబట్టి ఆ పొలం ధర 1971లో న్యూజిలాండ్‌లో గెలిచినదానిలో సగం కూడా పలకదు. న్యూజిలాండ్‌లో లయన్స్ గెలిచిన ఒకే ఒక్క సిరీస్ ఆ 1971దే. 2017లో చివరి టెస్టు 15-15తో ముగించి సిరీస్ సమం చేసినందుకే ఇద్దరు కెప్టెన్లు కలిసి ట్రోఫీ పట్టుకున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. లయన్స్ గెలిస్తే ఏ దేశం పండగ చేసుకోవాలి? నాలుగు దేశాల మధ్య పంచుకున్న గెలుపుకు ఊరేగింపు ఉండదు.

ఒక్క దేశం తన జట్టుతో వెళ్లి గెలిస్తే ఆ చిక్కు లేదు. ఐర్లండ్ 2022లో న్యూజిలాండ్ వెళ్లి ఆక్లాండ్‌లో 42-19తో ఓడింది. డునెడిన్‌లో 23-12తో గెలిచింది, ఆ దేశంలో ఐర్లండ్‌కు అదే తొలి విజయం. వెల్లింగ్టన్‌లో 32-22తో సిరీస్ కూడా గెలిచింది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో, తర్వాత విజేత అయిన దక్షిణాఫ్రికాను గ్రూప్ దశలో 13-8తో ఓడించింది. వరసగా 17 విజయాలతో క్వార్టర్ ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా మళ్లీ న్యూజిలాండ్. 28-24తో వెనకబడి, చివర్లో 37 విడతలు బంతిని వదలకుండా తోసుకుంటూ వెళ్లి, గీతను మాత్రం చేరలేకపోయింది. కెప్టెన్ జానీ సెక్స్‌టన్‌కు అదే ఆఖరి మ్యాచ్. ఐర్లండ్ నేటికీ ప్రపంచకప్ సెమీఫైనల్ చూడలేదు. ఆ వెల్లింగ్టన్ రాత్రి ఇచ్చేసి ఒక కప్పు తీసుకోమంటే ఐరిష్ అభిమాని తీసుకుంటాడు, సందేహం లేదు. నేను మాత్రం ఇవ్వను. కప్పు గెలిచిన దేశాలు నాలుగే అయినా గెలుపులు పది ఉన్నాయి. న్యూజిలాండ్‌ను సొంతగడ్డ మీద మూడు టెస్టుల సిరీస్‌లో ఓడించినవాళ్లను లెక్కపెట్టడానికి అన్ని వేళ్లు అక్కర్లేదు.

ఆ రుచి ఇంకా చావలేదనడానికి గుర్తుగా, ఆల్ బ్లాక్స్ 2026లో దక్షిణాఫ్రికాకు పాతకాలపు పద్ధతిలో సుదీర్ఘ పర్యటన పెట్టుకున్నారు. టెస్టుల మధ్యలో స్థానిక జట్లతో మ్యాచ్‌లు కూడా ఉన్నాయి. వరసగా రెండు ప్రపంచకప్‌లు చేతిలో ఉన్న దక్షిణాఫ్రికా కూడా దీనికోసం ఎదురుచూసింది. కాకపోతే నాలుగో టెస్టును అమెరికాలోని బాల్టిమోర్‌లో పెట్టారు. పరాయిగడ్డ సిరీస్ అన్నాక ఎవరో ఒకరి గడ్డ ఉండాలి కదా, ఆ చివరి మ్యాచ్‌లో అది ఎవరిదో నిర్వాహకులే చెప్పాలి.