విస్లర్‌లో మే నెల: పైన మంచు, కింద మట్టి

కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి విస్లర్ కొత్త ఊరేమీ కాదు. శీతకాలంలో చుట్టాలు వస్తే మంచు చూపించడానికి, ఆగస్టులో వస్తే సరస్సులు చూపించడానికి ఏడాదికి ఒకసారైనా తీసుకువెళ్తూనే ఉంటాం. మే నెలలో మాత్రం మావాళ్ళెవరూ అటు చూడరు. స్కీయింగ్ అయిపోయి ఉంటుందనీ, వేసవి ఇంకా మొదలై ఉండదనీ ఒక లెక్క. మేమూ ఆరేళ్ళు ఆ లెక్కనే నమ్మాం. నిరుడు మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి మా దగ్గర ఉన్న సమయంలో, పదమూడేళ్ళ మా అబ్బాయి ఒకే రోజున పొద్దున స్కీ, సాయంత్రం సైకిల్ చేయాలని పట్టుబట్టడంతో, విక్టోరియా డే సెలవు కలిసొచ్చేలా శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి, మూడు రాత్రులు ఉండి, సోమవారం తిరిగివచ్చాం.

ఆ వారాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఉన్నవి రెండు కొండలు, విస్లర్, బ్లాక్‌కోంబ్. సాధారణంగా విస్లర్ కొండ మీద స్కీయింగ్ ఏప్రిల్‌లోనే ముగుస్తుంది, బ్లాక్‌కోంబ్ మీద మే మూడో వారం దాకా సాగుతుంది. విస్లర్ కొండ కింది భాగంలో, వాలు మీద సైకిళ్ళు దిగే బైక్ పార్క్ మే నెల నడుమ తెరుచుకుంటుంది. ఈ రెండు కాలాలూ ఒకదానితో ఒకటి కలిసేది చాలా ఏళ్ళలో కొద్ది రోజులే. మే 25కు ముందు వచ్చే సోమవారం విక్టోరియా డే కాబట్టి, ఆ కొద్ది రోజులూ తరచు ఆ సెలవు వారాంతంలోనే పడతాయి. మంచును బట్టి తేదీలు ఏటా అటూ ఇటూ అవుతాయి కనుక కిందటేటి తేదీలు చూసి గది తీసుకోవడం తెలివైన పని కాదు. పైగా మే నెలంతా చవకగా దొరికే గదులు ఆ మూడు రాత్రులు మాత్రం ధర పెంచుకుని కూర్చుంటాయి.

వాంకూవర్ నుంచి 99వ నంబరు రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు. హౌ సౌండ్ అనే సముద్రపు పాయను ఎడమవైపు పెట్టుకుని స్క్వామిష్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి కొండల్లోకి ఎక్కుతాం. అక్టోబరు 1 నుంచి ఈ దారిలో శీతకాలపు టైర్లు తప్పనిసరి అయినా, మే చివరికి ఆ బెడద ఉండదు. దారి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. సెలవు శుక్రవారం సాయంత్రం బయలుదేరితే రెండు గంటల ప్రయాణం మూడు గంటలవుతుందనేది ఒక్కటే గుర్తుంచుకోవాలి.

వాతావరణం గురించి మాత్రం కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే ఈ కాలపు విస్లర్‌లో డబ్బు వృథా అయ్యేది దాన్ని తప్పుగా చదవడం వల్లనే. కొండల అడుగున హోటళ్ళు, దుకాణాలు ఉండే విలేజ్ 675 మీటర్ల ఎత్తులో ఉంటుంది, బ్లాక్‌కోంబ్ మీద లిఫ్టు వెళ్ళే చివరి ఎత్తు 2,284 మీటర్లు. అంటే కిందికీ పైకీ పదహారు వందల మీటర్ల తేడా, ఉష్ణోగ్రతలో దాదాపు పది డిగ్రీల తేడా. శనివారం మధ్యాహ్నం విలేజ్‌లో జనం పొట్టి చేతుల చొక్కాలతో ఐస్‌క్రీం తింటూ తిరుగుతుంటే, పైన మేము గాలికి మెడ కప్పుకోవలసి వచ్చింది. ఫోనులో కనిపించే ‘విస్లర్ 17 డిగ్రీలు’ అనే అంకె స్కీ చేసేవాడికి ఎందుకూ కొరగాదు. చూడవలసినవి రెండు: నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత ఎత్తులో ఉందనే ఫ్రీజింగ్ లెవెల్, రాత్రి ఆకాశం తేటగా ఉంటుందా, మబ్బు పడుతుందా అన్నది.

ఈ రెండో విషయం ఎంత ముఖ్యమో వరసగా వచ్చిన రెండు ఉదయాలు మాకు నేర్పాయి. శుక్రవారం రాత్రి ఆకాశంలో చుక్క మబ్బు లేదు. పగటి వేడినంతా మంచు రాత్రికి రాత్రే ఆకాశంలోకి వదిలేసి పై పొర గట్టిపడింది. శనివారం తొమ్మిదిన్నరకు బ్లాక్‌కోంబ్ పైభాగంలోని సెవెంత్ హెవెన్ లిఫ్టు దిగేసరికి వాలు అంతా గాజులా ఉంది. స్కీ అంచులు గీసుకుపోతుంటే పెనం మీద అట్లకాడ గీకినట్టు చప్పుడు. మా అబ్బాయి మొదటి మలుపులోనే జారి చాలా దూరం వెళ్ళి ఆగాడు. ఎవరో పెద్దాయన మా మొహాలు చూసి, ఇంకొక అరగంట కాఫీ తాగి రమ్మని సలహా ఇచ్చారు. ఆ మాట వినడం మంచిదైంది. ఆ వాలు దక్షిణం వైపు చూస్తుంది కాబట్టి ఎండ ముందుగా దాని మీదే పడుతుంది. పదింబావుకు మళ్ళీ దిగేసరికి పైన ఒక అంగుళం మేర మాత్రమే మెత్తబడి, కింద గట్టిగానే ఉంది. రోజూ కరిగి రాత్రి గడ్డకట్టీ, కరిగి గడ్డకట్టీ మంచు రేణువులు కల్లుప్పు పలుకుల్లా తయారవుతాయి. దీన్నే ఇక్కడివారు కార్న్ స్నో అంటారు. గుప్పెట్లోకి తీసుకుంటే ముద్ద కట్టదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద స్కీ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, నాలాంటి మధ్యరకం వాడికి కూడా పనితనం వచ్చేసిందేమోననిపిస్తుంది. ఆ భ్రమ సుమారు రెండు గంటలు నిలిచింది. పన్నెండున్నర దాటాక అదే మంచు, సోడా బండి దగ్గర గీరి రంగునీళ్ళు పోసిన ఐసులా, కాళ్ళను పట్టి లాగడం మొదలుపెట్టింది. మోకాళ్ళకు దెబ్బలు తగిలేది ఈ సమయంలోనే. ఎండ ముదిరాక నిటారు వాలుల మీద తడి మంచు జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి గస్తీ సిబ్బంది కొన్ని భాగాలను మూసివేస్తారు కూడా. మేము ఒంటిగంటకల్లా దిగిపోయాం.

శనివారం రాత్రి మబ్బు కమ్మింది. ఉష్ణోగ్రత పెద్దగా తేడా లేదు, అయినా మబ్బు దుప్పటిలా కప్పి ఉండటంతో మంచు గడ్డకట్టనే లేదు. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకే నిన్నటి మధ్యాహ్నపు బురద మంచు. దానికి తోడు సన్నని జల్లు, పైన పొగమంచు. రెండు సార్లు దిగి విరమించాం. ముందుగా కొన్న టిక్కెట్టు డబ్బు ఆ విధంగా సగానికి సగం నీళ్ళపాలయింది. అందుకే నా అభిప్రాయంలో, ఈ కాలంలో రెండు రోజుల టిక్కెట్టు కలిపి కొనడం కంటే, రాత్రి ఆకాశం చూసి ఏ రోజుకారోజు నిర్ణయించుకోవడం మేలు. సీజనంతా చెల్లే ఎపిక్ పాస్ ఉన్నవారికి ఈ చింత లేదు, వారు రెండు గంటలు స్కీ చేసి నిశ్చింతగా దిగిపోవచ్చు.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవారికి మే నెలను నేను సిఫారసు చేయను. మంచు మెత్తబడ్డాక పడితే అంతగా దెబ్బ తగలదన్న మాట నిజమే కానీ, కింది భాగంలో ఉండే తేలిక వాలుల మీద అప్పటికే గడ్డి మొలిచి ఉంటుంది. మంచు విలేజ్ దాకా రాదు కనుక చివరికి అందరూ తీగ మీద నడిచే పెట్టెల్లో, అంటే గొండోలాలోనే కిందికి దిగాలి. ఆ దిగుడులోనే మాకు ఎలుగుబంటి కనిపించింది. సరిగ్గా మా పెట్టె కింద, మంచు కరిగిన చోట పచ్చగా మొలిచిన స్కీ వాలు మీద, మన ఊళ్ళో గేదె మేసినట్టు తల ఎత్తకుండా గడ్డి మేస్తోంది. నిద్ర లేచి వచ్చిన నల్ల ఎలుగులకు ఈ వారాల్లో లేత గడ్డి, డాండెలియన్ పూలే ప్రధాన ఆహారం. చెవుల చుట్టూ దోమలు ముసిరినప్పుడు తల విదిలించడం కూడా స్పష్టంగా కనిపించింది.

ఎండ సంగతి ఒక మాట. తాజా మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిరగగొడుతుంది. ముఖానికి లేపనం రాసుకున్నాను కానీ గడ్డం కిందా, ముక్కుపుటాల అడుగునా రాసుకోవాలని తోచలేదు. మన ఒంటి రంగుకు ఎండ ఏం చేస్తుందిలే అనుకునేవాణ్ణి. వారం రోజులు ముక్కు కింద పొట్టు ఊడింది.

మంచును పాడుచేసిన ఆదివారపు జల్లే సైకిళ్ళకు మేలు చేసింది. బైక్ పార్క్ దారులు కొట్టుకుపోయే వాన కాదది, దుమ్మును అణచి మట్టికి పట్టు తెచ్చేంత వాన. మే నెలలో తెరిచేది కింది భాగమైన ఫిట్జ్‌సిమన్స్ జోన్ మాత్రమే, పై భాగాలు మంచు పోయాక గానీ తెరవరు. సైకిలుతో సహా కుర్చీ లిఫ్టు మీద పైకి వెళ్ళి, మట్టి దారుల మీద దిగడం ఆట. దారులకు స్కీ వాలుల లాగానే తేలిక నుంచి కష్టం వరకు వరసగా ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులుంటాయి. దీనికి టిక్కెట్టు వేరు. స్కీ టిక్కెట్టు చెల్లదు. డౌన్‌హిల్ సైకిలు, ముఖమంతా కప్పే హెల్మెట్, మోకాలి కవచాలు కలిపితే అద్దె రోజుకు వంద డాలర్లు దాటుతుంది.

మొదటిసారి కాబట్టి ఒక పూట పాఠం తీసుకున్నాం. ఆ ఖర్చు దండగ కాదు. ఈజీ డజ్ ఇట్ అనే ఆకుపచ్చ దారి మీద శిక్షకురాలు మాకు గంటసేపు నేర్పింది ఒక్కటే: కూర్చోకుండా పెడళ్ళ మీద సమానంగా నిలబడి, బ్రేకు మీద ఒక్క వేలు మాత్రమే ఉంచి, చూపు ముందు చక్రం మీద కాక తరవాతి మలుపు మీద నిలపడం. చిన్నప్పుడు అద్దె సైకిలు మీద నేర్చుకున్న అలవాట్లన్నీ ఇక్కడ తప్పులే. మా అబ్బాయి మధ్యాహ్నానికి బీ-లైన్ అనే నీలం దారికి వెళ్ళిపోయాడు. ప్రసిద్ధి చెందిన ఏ-లైన్ నలుపు దారి. అక్కడ గాలిలోకి ఎగిరేవాళ్ళను కంచె పక్క నుంచి చూసి ఆనందించాను. ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. మేము వెళ్ళిన అద్దె దుకాణంలో నాకిచ్చిన సైకిలుకు వెనక బ్రేకు అరిగిపోయి ఉంది, రెండో దిగుడులో గానీ తెలియలేదు. మార్చి ఇచ్చారు, కానీ అరపూట పోయింది. లిఫ్టు ఎక్కకముందే రెండు బ్రేకులూ నొక్కి చూసుకోవడం మన పనే.

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రెండు కొండలనూ కలుపుతూ 4.4 కిలోమీటర్లు సాగే పీక్ టు పీక్ గొండోలా పెద్దవాళ్ళకు గొప్ప అనుభవమే కానీ, ఈ సంధికాలంలో అది అన్ని రోజులూ నడవదు కనుక దాని మీద ఆశ పెట్టుకుని తీసుకెళ్ళకూడదు. ఆవిడకు నచ్చింది వ్యాలీ ట్రయల్. నలభై కిలోమీటర్లకు పైగా సాగే ఈ తారు బాట సరస్సులన్నిటినీ కలుపుతుంది, వాహనాలు రావు, చాలా చోట్ల కూర్చోవడానికి బల్లలుంటాయి. లాస్ట్ లేక్ దాకా నెమ్మదిగా నడిచి వెళ్ళి, మా ఆవిడతో కలిసి గట్టు మీద కూర్చుని, ఎదురుగా తెల్లని కొండను చూస్తూ, “అల్లుడుగారూ, ఇక్కడ ఇంత ఎండగా ఉంటే అక్కడ మంచు ఎలా నిలుస్తోందండీ?” అని అడిగారు. అక్కడ శీతకాలమంతా మీటర్ల కొద్దీ పేరుకున్నది ఒక్క నెలలో కరగదని చెప్పాను. రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉండటం ఆవిడకు మంచు కంటే వింతగా తోచింది. దీపం పెట్టే వేళ ఏదో తేలక మూడు రోజులూ గడియారం చూసే పెట్టారు.

బస విషయంలో కాలాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. మేము అప్పర్ విలేజ్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్లో దిగాం. బ్లాక్‌కోంబ్ గొండోలా అక్కడి నుంచే బయలుదేరుతుంది, బైక్ పార్క్‌కు నడిచి పదిహేను నిమిషాలు. ఉదయం మంచు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం సైకిలు అనే క్రమానికి అంతకంటే అనువైన చోటు లేదు. శీతకాలంలో అందరూ మెచ్చుకునే క్రీక్‌సైడ్ ఈ వారాల్లో ఉపయోగపడదు, ఎందుకంటే అక్కడి గొండోలా వెళ్ళేది అప్పటికే స్కీయింగ్ ముగిసిన విస్లర్ కొండకు. మాతో వచ్చిన మిత్రులు చెకామస్ క్రాసింగ్‌లోని హాస్టల్లో ఉన్నారు. 2010 ఒలింపిక్స్ క్రీడాకారుల కోసం కట్టిన ఆవరణ అది. శుభ్రంగా ఉంటుంది, ఖర్చు మాకైన దానిలో సగం కూడా కాలేదు. కాకపోతే విలేజ్‌కు బస్సులో రావాలి, అంటే మంచు బాగుండే ఆ రెండు గంటల్లో కొంత బస్టాపులో పోతుంది.

మేము దిగిన చోటు పేరు చెప్పను కానీ, గది ధరకు తోడు రిసార్ట్ రుసుము, కారు నిలిపినందుకు రోజువారీ రుసుము ఉంటాయని లోపలికి వెళ్ళాక తెలిసింది. వేడినీళ్ళ తొట్టె మరమ్మతులో ఉందన్నది బట్టలు మార్చుకుని వెళ్ళాక తెలిసింది. సైకిళ్ళు గదిలోకి రానివ్వరు, కింద తాళం వేసే గది ఉందో లేదో ముందే అడగాలి. వంటగది మాత్రం మమ్మల్ని కాపాడింది. చిన్న రైస్ కుక్కర్, కందిపప్పు, ఆవకాయ వెంట తీసుకువెళ్ళడం వల్ల తడి సాక్సులు హీటరు మీద ఆరుతుండగా వేడి వేడి పప్పన్నం తిన్నాం. బయటి భోజనాలు ఖరీదు, శాకాహారికి ఎంపిక తక్కువ, అంతే. మిగిలిన చెత్తను బాల్కనీలో పెట్టకూడదు, ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప డబ్బాల్లోనే వేయాలి.

సోమవారం తిరుగు ప్రయాణంలో 335 మీటర్ల ఎత్తు నుంచి దూకే షానన్ జలపాతం దగ్గర ఆగాం. మంచు కరిగే రోజులు కావడంతో తుంపర్లు నడకదారి దాకా వచ్చి పడుతున్నాయి. “పైన మీరు జారిన మంచేనా అల్లుడుగారూ, ఇది?” అన్నారు మా అత్తగారు. కాదండీ, ఇది వేరే కొండ నీళ్ళు అన్నాను. కారు పైన కట్టిన సైకిలు మట్టిని ఆ తుంపర్లలో కడగవచ్చేమోనని మా అబ్బాయి అడిగాడు. కారు నిలిపిన చోటు దాకా అవి రాలేదు.